ఏకకాలమను మాట

హైదరాబాదున కాచిగూడ స్టేషనులో బండి యెక్కి మహబూబునగరు వైపు సాగినచో, ఉందానగరు, తిమ్మాపురము దాటిన పిమ్మట షాద్‌నగరు వచ్చును. నిజాము రాజ్యమున రెండు పర్యాయములు ప్రధానమంత్రి పదవి వహించిన మహారాజా కిషన్ ప్రసాదు ఉర్దూ కవి గూడ. కవితలకై ఆయన పెట్టుకొన్న మారుపేరు ‘షాద్’. ఫారసీలో దానికి సంతోషముగలవాడని యర్థము. ఆ మారుపేరే ఈ యూరికి పేరైనది. పాతపేరైన ఫరూఖ్‌నగరు నేటికిని మండలము పేరుగా నిలిచియున్నది.

ఈ యూరిని మేమేల యెత్తుకొంటిమనగా, ఇచ్చట నిలిచి చూచినచో, ‘ఒకే సమయమున’ అని మనము నిత్యము వాడు మాట ఎట్లెట్లు మారుచు వచ్చెనో తెలియుట సులభము. పంచాంగము, రైలు, ఉపగ్రహము, ఈ మూడును ఒకదాని వెనుక నొకటి ఇచ్చటి నేలమీదికి వచ్చి ఆ మాటను పరీక్షకు పెట్టినవి. మొదటి రెండు పరీక్షలలో అది నెగ్గినది. మూడవదానిలో ఓడినది. అయితే ఆ యోటమిని గూర్చి జనులలో రెండు అపోహలు వ్యాపించియున్నవి. లోకమున సర్వమును సాపేక్షమేనని ఐన్‌స్టీను రుజువు చేసెనని యొకరు. అదంతయు మన పూర్వులు ముందే చెప్పియున్నారని మరియొకరు. రెండును తప్పు. ఎందుచేత తప్పో తెలియవలెనన్న చరిత్ర కొంత చెప్పక తీరదు.

నిజాము కాలమున ఈ తాలూకాలో ఒక పట్వారి యెదుట నున్న కాగితములను ఊహింపుడు. ఒకే దినమునకు ఫసలీ తేది యొకటి, హిజ్రీ తేది యొకటి, ఆంగ్ల తేది యొకటి, శాలివాహన శకమున తిథి యొకటి. పంచాంగపు దినము సూర్యోదయముతో మొదలగును. హిజ్రీ దినము సూర్యాస్తమయముతో మొదలగును. ఆంగ్ల దినము నడిరేయి మొదలగును. కనుక రాత్రి యేడు గంటలకు ముగ్గురు కూర్చుండి ‘నేడు’ అని పలికినచో ఆ మూడు ‘నేడు’లకు మూడు మొదళ్లు, మూడు తుదులు. అయినను దీనినిబట్టి ఎవ్వరును తగవులాడలేదు. సంగతి యొక్కటే, పేర్లు పెక్కులని అందరును ఎరుగుదురు.

తిథి విషయమున ఇది మరింత స్పష్టము. చంద్రుడు సూర్యునినుండి 12 భాగలు దూరమైనపుడెల్ల ఒక తిథి ముగియును. అది ఆకాశమున జరుగు సంగతి. రాజమహేంద్రవరమున కొకటి, షాద్‌నగరున కొకటి యని లేదు. అయితే పంచాంగకర్త దానిని సూర్యోదయాది ఘడియలలో చెప్పును. ఈ రెండూళ్లును ఇంచుమించు ఒకే అక్షాంశముమీద నున్నవి. కాని రాజమహేంద్రవరము 3.6 భాగలు తూర్పున నుండుటచే అచ్చట సూర్యుడు 14 నిమిషములకు పైగా ముందు ఉదయించును. అనగా 36 విఘడియలు. రాజమహేంద్రవరమునకు గణించిన పంచాంగమును షాద్‌నగరున దిద్దుబాటు లేక వాడినచో ప్రతి తిథియు 36 విఘడియలు ఆలస్యముగా ముగిసినట్లు తేలును. ముహూర్తము క్షణము దాటరాదని పట్టుబట్టి పెండ్లివారిని తొందరపెట్టు పెద్దలు, తమ చేతిలోని పంచాంగము ఏ యూరికి గణింపబడినదని అడుగగా మేము విన్నది అరుదు.

ఈ దిద్దుబాటునకు మన శాస్త్రమున దేశాంతర సంస్కారమని పేరు. ఉజ్జయిని గుండా పోవు మధ్యరేఖనుండి తూర్పునకో పడమటికో ఎంత దూరమున నున్నామో తెలిసికొని, దానికి తగినట్లు కాలమును కూడుటయో తీసివేయుటయో చేయవలెను. షాద్‌నగరునకు ఈ సంస్కారము సుమారు 24 విఘడియలు. ఈ దూరమును కనుగొను ఉపాయమును సూర్యసిద్ధాంతము చెప్పినది; అదియే చంద్రగ్రహణము. చంద్రుడు భూమినీడలో మునుగుట ఎల్లరకు ఒకే మారు జరుగును. దానిని చూచిన వేళ మాత్రము ఊరూరను వేరు. మధ్యరేఖకు గణించిన వేళకన్న ఆలస్యముగా మనకు గ్రహణము పట్టినచో మనము తూర్పున నున్నామని యర్థము. ఆకాశమున వ్రేలాడదీసిన ఒక పెద్ద గంటను దేశమంతయు ఒక్కమారు వినినట్లు పూర్వులు గ్రహణమును వాడుకొనిరి. ‘ఒకే సమయము’ అను మాటకు ఇంతకన్న గట్టి యాధారము ఆ కాలమున వేరొకటి దొరకదు.

ఇక్కడనే ఆర్యభటుని మాట వచ్చును. 499లో ఆర్యభటీయమును రచించిన ఆ మహానుభావుడు, పడవలో పోవువానికి ఒడ్డుననున్న వస్తువులు వెనుకకు నడచినట్లు తోచు దృష్టాంతముతో, నక్షత్రముల పడమటి నడక భూభ్రమణమువలన కలుగు తోపిక యని చెప్పెను. లంకలో సూర్యోదయమగునపుడు యవకోటిలో మధ్యాహ్నమనియు, సిద్ధపురమున అస్తమయమనియు, రోమకమున అర్ధరాత్రియనియు గూడ చెప్పెను. ఆయనకు దక్కిన బహుమానమేమి? భూమి తిరిగినచో గూడు విడిచిన పక్షులు మరల గూటికెట్లు చేరునని వరాహమిహిరుడు ఆక్షేపించెను. ఎత్తయిన వస్తువులేల పడిపోవని బ్రహ్మగుప్తుడు 628లో ప్రశ్నించెను. అంతటితో పోక, తరువాతి వ్యాఖ్యాతలు కొందరు మూలములో ‘భూః’ అనుదానిని ‘భం’ అని మార్చి, భూమి తిరుగుచున్నదను మాటను నక్షత్రమండలము తిరుగుచున్నదని చదివిరి. ఒక్క యక్షరముతో ఆచార్యుని నోరు మూసిరి. నేడు ఆర్యభటుని పేర సాపేక్షతా సిద్ధాంతమంతయు మాదేయని చాటువారు, ఆయన చెప్పినదానినే మనవారు నిలువనీయలేదని ముందు ఒప్పుకొనుట న్యాయము. మరియు ఆయన చెప్పినది చలనముయొక్క సాపేక్షతయే. పడవలోనివానికిని ఒడ్డుననున్నవానికిని ఏది కదలుచున్నదను విషయమున అభిప్రాయభేదము కలుగవచ్చును. ఎప్పుడు అను విషయమున భేదము కలుగునని ఆర్యభటుడు తలపలేదు. ఇంకను వేయిన్నాలుగువందల యేండ్లు ఎవ్వరును తలపలేదు.

రెండవ పరీక్ష రైలుతో వచ్చినది. ఎడ్లబండి నడుచు దినములలో ప్రతి యూరును తన సూర్యుని తాను నమ్ముకొనియున్నను నష్టము లేకపోయెను. గంటకు ముప్పది మైళ్లు పోవు బండి వచ్చిన తరువాత అది సాగదు. ఒకే యినుపదారిమీద ఎదురెదురుగా రెండు బండ్లను నడుపువారికి రెండు కాలములుండుట ప్రాణాపాయము. బొంబాయి కాలమునకును కలకత్తా కాలమునకును ఒక గంటకు పైగా భేదముండగా, నడుమనున్న చెన్నపట్టణపు కాలమును 1870 ప్రాంతమున భారతదేశపు రైళ్లు స్వీకరించెను. అది గ్రీనిచ్చికన్న 5 గంటల 21 నిమిషములు ముందు. చెన్నపట్టణపు నక్షత్రశాలనుండి తంతిమీద ఈ కాలము స్టేషనులకు అందుచుండెడిది. 1906 జనవరి 1వ తేదినుండి 82½ భాగల రేఖనుబట్టి భారత ప్రామాణిక కాలము వచ్చినది. కలకత్తా 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ ప్రత్యేక కాలములను వదలలేదు. యుద్ధదినములలో, 1942 మొదలు 1945 వరకు, గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి. సూర్యుడు మాత్రము జరుగలేదు.

షాద్‌నగరు మీదుగా దారి పడినది ప్రామాణిక కాలము వచ్చిన తరువాతనే. కావున ఈ స్టేషను గడియారము పుట్టుకనుండియు తన యూరి సూర్యునితో సరిపడదు. ఇచ్చట మధ్యాహ్నరేఖకు సూర్యుడు వచ్చునది సగటున 12 గంటల 17 నిమిషములకు. విశాఖపట్టణమున ఇంచుమించు 20 నిమిషములు ముందే మధ్యాహ్నమగును. ఈ ప్రామాణిక కాలము ఒక యొడంబడిక. దేశమంతయు ఒక పేరుతో పిలువవలెనని నిర్ణయించుకొనుటయే గాని, ఇందువలన ఏ సంగతియు ముందు వెనుక కాలేదు. ఏకకాలమను మాట ఈ పరీక్షలో నెగ్గుటయే కాదు, ఇనుపకమ్మీలతోను తంతితీగెలతోను మరింత బలపడినది. విశ్వమంతటికిని ఒకే కాలము, దేనినిబట్టియు మారక, సమముగా ప్రవహించుచున్నదని 1687లో న్యూటను వ్రాసినది, స్టేషను గడియారమును చూచి బ్రదుకు నేర్చిన మానవునికి ప్రత్యక్షప్రమాణమైనట్లు తోచెను.

అయితే తంతితో కాలము పంపువారికే మొదట అనుమానము తగిలినది. వార్త చేరుటకు కొంత సేపు పట్టును గదా! విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాల ఒకటి యుండెడిది. అట్టి సముద్రతీర పట్టణములలో వేళ తెలుపుటకు ఫిరంగి పేల్చుట ఆ కాలపు పద్ధతి. చప్పుడు సెకండునకు కిలోమీటరులో మూడవవంతు పోవును. మూడు కిలోమీటరుల దూరముననున్నవాడు తొమ్మిది సెకండులు ఆలస్యముగా వినును. తొమ్మిది సెకండులు కూడుకొని సరిపెట్టుకొనును. వెలుతురునకు గూడ వేగము కలదని 1676లో పారిసునందు రోమరు పండితుడు గురుగ్రహపు ఉపగ్రహముల గ్రహణములనుబట్టి కనిపెట్టియుండెను. ఆకాశపు గంటయే ఆలస్యముగా మ్రోగుట ఆయన చూచెను. ఆ వేగము సెకండునకు ఇంచుమించు 3 లక్షల కిలోమీటరులు. ఫ్రాన్సు దేశపు దేశాంతర కార్యాలయమున సభ్యుడైన పొయింకారే, తంతిమీద వేళలను సరిపోల్చి దేశాంతరములు కొలుచు పనివారి నడుమ మెలగినవాడగుటచే, దూరముననున్న రెండు సంగతులు ఒకే క్షణమున జరిగినవనుట నేరుగా కంటికి కనబడునది కాదు, నియమముమీద ఆధారపడునదని 1898లో వ్రాసెను. తలుపు వరకు వచ్చి ఆగినవాడు పొయింకారే. తలుపు తెరచినవాడు బెర్ను నగరపు పేటెంటు కార్యాలయమున 1902నుండి పనిచేయుచున్న యువకుడు.

ఆ కార్యాలయమునకు విద్యుత్తుతో గడియారములను సరిచేయు యంత్రముల దరఖాస్తులు వచ్చుచుండెడివని చరిత్రకారుడు పీటరు గాలిసను 2003లో ప్రకటించిన గ్రంథమున వివరించియున్నాడు. 1905 సెప్టెంబరులో వెలువడిన ఐన్‌స్టీను వ్యాసమున ఏకకాలమను మాటకు ఇచ్చిన యుదాహరణమే రైలు. ఈ బండి యిచ్చటికి ఏడు గంటలకు వచ్చుననగా, నా గడియారపు ముల్లు ఏడుమీదికి వచ్చుటయు బండి వచ్చుటయు ఏకకాలమున జరుగు సంగతులని యర్థమని ఆయన మొదలిడెను. ఇంత తేటతెల్లమైన మాటనుండి అంత వింతైన ఫలము వచ్చునని ఎవ్వరు తలతురు? ఆ వ్యాసమున పూర్వగ్రంథముల పేర్లు చెప్పలేదు. సహాయము చేసినందుకు మిత్రుడు బెస్సోకు మాత్రము కృతజ్ఞత చెప్పెను. ఆ బెస్సోతో ఒకనాడు చర్చించి యింటికిపోగా చిక్కు విడిపోయినదని, ఆ చిక్కు కాలము అను భావమునందే యున్నదని ఐన్‌స్టీను 1922లో క్యోటో నగరపు ఉపన్యాసమున చెప్పెను. మన దేశమున మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు ఈ వ్యాసమును తదితరములతో గూడ ఆంగ్లమునకు తెచ్చి 1920లో కలకత్తా విశ్వవిద్యాలయము ద్వారా ప్రకటించిరి. ఇరువురును అప్పటికి ముప్పదియేండ్లైనను నిండనివారు.

సామాన్యులకొరకు తరువాత వ్రాసిన చిన్న పుస్తకమున ఐన్‌స్టీను రైలును పిడుగులను కలిపి యొక దృష్టాంతము చెప్పెను. దానిని మేము షాద్‌నగరునకు తెచ్చుకొందుము. ఇరువది పెట్టెల బండి, పొడవు 450 మీటరులు, ఆగక స్టేషనును దాటి మహబూబునగరు వైపు పోవుచున్నది. ఉత్తరపు కొనకు ఒక పిడుగు, దక్షిణపు కొనకు ఒక పిడుగు పడినవి. రెండును బండిమీదను నేలమీదను మచ్చలు మిగిల్చినవి. నేలమీది మచ్చలకు సరిగా నడుమ స్టేషను మాస్టరు నిలిచియున్నాడు. రెండు మెరుపుల వెలుతురును ఆయన కంటికి ఒక్కమారే తాకినది. ఆయన టేపుతో కొలిచి, రెండు వైపులను దూరము సమానమని చూచి, పిడుగులు ఏకకాలమున పడినవని చిట్టాలో వ్రాసికొనెను. ఆయన తప్పు చేయలేదు.

బండిలో సరిగా నడుమ పెట్టెలో ఒక ప్రయాణికురాలు కూర్చుండియున్నది. బండి దక్షిణమునకు పోవుచుండుటచే ఆమె దక్షిణపు మెరుపునకు ఎదురు పోవుచున్నది, ఉత్తరపు మెరుపునకు దూరమగుచున్నది. కనుక దక్షిణపు వెలుతురు ఆమెకు ముందు తగులును. ఇందులో మాస్టరునకును ఆమెకును తగవు లేదు. ఆమెయు లేచి కొలిచెను. బండిమీది మచ్చలు రెండును తనకు సమాన దూరముననున్నవి. దూరములు సమానము, వెలుతురు వేగము సమానము, అయినను ఒకటి ముందు వచ్చినది. కావున దక్షిణపు పిడుగే ముందు పడినదని ఆమె వ్రాసికొనెను.

ఇచ్చట చదువరి ఆక్షేపింపవచ్చును. ఆమె కదలుచున్నది గదా, ఆ సంగతిని లెక్కలోనికి తీసికొని సరిదిద్దుకొనవచ్చును గదా, విశాఖ ఫిరంగి విన్నవాడు తొమ్మిది సెకండులు సరిదిద్దుకొనలేదా అని. ఆక్షేపణ చక్కనిది, సమస్తమును దీనిమీదనే నిలిచియున్నది. చప్పుడైనచో ఆమె సరిదిద్దుకొనవలసినదే. ఏలయన చప్పుడును మోయునది గాలి. ఆ గాలి ప్లాటుఫారముతో పాటు నిలిచియున్నది. కిటికీ తెరచి కూర్చున్నచో ఆమె ముఖమునకు గాలి కొట్టును. తాను గాలికెదురు పోవుచున్నానని తెలియును. ఎదురుగా వచ్చు చప్పుడు తనకు వడిగా వచ్చునని లెక్కించును. వెలుతురును మోయుటకు గూడ అట్టి గాలి యొకటి విశ్వమంతయు నిండియున్నదని పందొమ్మిదవ శతాబ్ది పండితులు నమ్మి, దానికి ఈథరని పేరు పెట్టిరి. ఆ యీథరు గాలి భూమి ముఖమునకు కొట్టుచున్నదా యని 1887లో మైకెల్సను, మోర్లీ యనువారు మిక్కిలి సున్నితముగా పరీక్షించిరి. గాలి తగులలేదు. వెలుతురు వేగమును ఎవ్వరు కొలిచినను, ఏ దిక్కున కొలిచినను, ఒక్కటే. ఇక ఆమె దేనినిబట్టి సరిదిద్దుకొనవలెను? నీవు కదలుచున్నావని మాస్టరు చెప్పును. కదలుచున్నది స్టేషనే యని ఆమె చెప్పును. ఆర్యభటుని పడవ కాలమునుండి ఈ వివాదమునకు తీర్పు లేదు. తీర్పు చెప్పగల మూడవవాడు, అనగా నిశ్చలమైన యీథరు, ఇల్లు ఖాళీచేసి పోయెను. రెండు వ్రాతలును నిలువవలసినదే.

పంచాంగపు భేదమునకును ఈ భేదమునకును అంతరమిది. అక్కడ సంగతి యొకటి, పేర్లు రెండు. 36 విఘడియలు తీసివేసినచో ఇరువురును ఏకీభవింతురు. ఇక్కడ తీసివేయుటకు ఏమియు లేదు. ఇది పేర్ల భేదము కాదు, గడియారపు లోపము కాదు, చూపు ఆలస్యము కాదు. చూపు ఆలస్యమునంతయు లెక్కగట్టి తీసివేసిన తరువాత మిగిలిన భేదము. మరియు పిడుగులు ప్రయాణికురాలికి ఏకకాలమున పడినచో, మాస్టరు లెక్కలో ఉత్తరపుది ముందు పడియుండును.

అంత పెద్ద సంగతి ఇన్నాళ్లు ఎవరికి ఏల తెలియలేదనగా, కొలత చూడుడు. బండి గంటకు 72 కిలోమీటరులు పోవుచున్నచో, ఆ 450 మీటరుల పొడవునకు మాస్టరునకును ఆమెకును గల భేదము సెకండును పది లక్షల కోట్ల భాగములు చేయగా అందులో ఒక భాగము. ఏ పిడుగును అంత సన్నని క్షణమున పడదు. రైలు దృష్టాంతము బుద్ధికి చాలును, చేతికి చాలదు.

మూడవది ఈ చేతికి చిక్కు పరీక్ష. షాద్‌నగరునకు చెంతనే జాతీయ దూరసంవేదన సంస్థవారి భూకేంద్రము కలదు. ఆకాశమునుండి భూమిని చిత్రించు ఉపగ్రహములు పంపు సంకేతములను అందలి పెద్ద పళ్లెముల వంటి ఆంటెన్నాలు అందుకొనును. మన దేశపు ఐఆర్‌ఎస్ వరుస దూరసంవేదన ఉపగ్రహములలో మొదటిదైన ఐఆర్‌ఎస్-1ఎ 1988 మార్చి 17వ తేదిన బైకనూరునుండి ఎగసినది. దాని చిత్రములు దిగినది ఈ నేలమీదనే. అది 904 కిలోమీటరుల యెత్తున, ఇంచుమించు ఉత్తర దక్షిణములుగా, సెకండునకు 7.4 కిలోమీటరుల వేగముతో తిరుగుచుండెను. పగటివేళ మనమీదుగా పోవునపుడు దాని నడక ఉత్తరమునుండి దక్షిణమునకు. షాద్‌నగరునకు దక్షిణముగా సుమారు వేయి కిలోమీటరుల దూరమున కన్యాకుమారి యున్నది. ఈ రెండు చోట్లను నేలమీది గడియారములచొప్పున సరిగా ఒకే క్షణమున రెండు దీపములు వెలిగినవనుకొందము. పైన పోవు ఉపగ్రహపు దారి వంపును, భూమ్యాకర్షణమును ఆ కొద్దిపాటి సేపు పక్కనబెట్టి లెక్కించినచో, దాని కాలమున కన్యాకుమారి దీపము 82 నానోసెకండులు ముందు వెలిగినది. నానోసెకండనగా సెకండులో వందకోట్లవ వంతు. రాత్రివేళ దక్షిణమునుండి ఉత్తరమునకు పోవునపుడు షాద్‌నగరు దీపమే అంత ముందు. నేలమీదివానికి రెండును సమానము. ముగ్గురికి మూడు చరిత్రలు.

82 నానోసెకండులు కొలతకందని మాట కాదు. పరమాణు గడియారము దానిని సులభముగా పట్టును. అయితే చిత్రములు తీయు ఉపగ్రహమునకు ఈ భేదమువలన నష్టము లేదని గూడ చెప్పుట న్యాయము. చిత్రములోని ప్రతి వరుసకు వేళ గుర్తు వేయుదురు. ఆ వేళలో సెకండున వేయవవంతు తప్పినచో చిత్రము నేలమీద ఆరు మీటరులకు పైగా జరుగును, కాని 82 నానోసెకండులకు జరుగునది అర మిల్లీమీటరు. వెలుతురు వేగముతోనే దూరములు కొలుచు దిక్సూచక ఉపగ్రహముల మాట వేరు. 82 నానోసెకండులలో వెలుతురు 25 మీటరులు పోవును. చేతి ఫోను దారి చూపునపుడు అడుగునున్న లెక్కలలో ఈ సంగతులన్నియు కలవు. జీపీఎస్ ఉపగ్రహముల గడియారములు వేగమువలన దినమునకు 7 మైక్రోసెకండులు వెనుకబడును. ఎత్తున ఆకర్షణము తక్కువగుటచే 45 మైక్రోసెకండులు ముందుకు పోవును. మిగిలిన 38 మైక్రోసెకండులను సరిచేయనిచో దినమునకు 11 కిలోమీటరుల మేర కొలత చెడిపోవును. 1971లో హాఫెలె, కీటింగు అను ఇరువురు నాలుగు సీజియము గడియారములను సామాన్య ప్రయాణికుల విమానములలో పెట్టుకొని భూమిని చుట్టివచ్చిరి. తూర్పుగా పోయిన యాత్రలో గడియారములు 59 నానోసెకండులు వెనుకబడెను; పడమటి యాత్రలో 273 ముందుపడెను.

ఏకకాలమను మాటను మరింత సూటిగా తాకునది మరియొకటి కలదు. భూమధ్యరేఖ వెంబడి వరుసగా గడియారములు నిలిపి, ప్రతిదానిని దాని పడమటి పొరుగుదానితో వెలుతురు సంకేతముచే సరిచేయుచు తూర్పుగా పోదమనుడు. ఇరుగుపొరుగు గడియారములెల్ల ఏకీభవించినవే. భూమిని చుట్టి మొదటిదానియొద్దకు తిరిగివచ్చినచో, చివరి గడియారమునకును మొదటిదానికిని 207 నానోసెకండుల తేడా! ఎక్కడను తప్పు జరుగలేదు. తిరుగుచున్న భూమిమీద ‘ఒకే సమయము’ అను వలయము కలిసికొనదు. అందుచే నేటి లోకపు కాలపాలకులు, భూకేంద్రముతో కూడి పోవుచు దానితోపాటు తిరుగని ఒక పరిశీలకుని లెక్కనే అందరును అంగీకరింపవలెనని యొడంబడిక చేసికొని, దానినిబట్టి తమ గడియారములను దిద్దుకొనుచున్నారు. 1906లో రైళ్లకై చేసికొన్నది గూడ ఒడంబడికయే. కాని అప్పుడు ఒప్పందము పేర్లనుగూర్చి. ఇప్పుడు సంగతుల ముందు వెనుకలనుగూర్చియే.

అట్లయినచో సర్వమును సాపేక్షమేనా, తండ్రి ముందో కొడుకు ముందో గూడ చూచువానినిబట్టి మారునా అని యడుగువారు కలరు. నీతికిని చరిత్రకును గూడ ఈ సాపేక్షతను అంటగట్టి, ఎవరి సత్యము వారిదని తేల్చివేయువారిని సభలలో మేము విన్నాము. వారు ఈ సిద్ధాంతమును సగమే వినిరి. వెలుతురు వేగము ఎల్లరకు ఒక్కటేయని దాని మొదటి మాట. అది సాపేక్షము కాదు. ఇక ముందు వెనుకల మాట. షాద్‌నగరునుండి కన్యాకుమారికి వెలుతురు పోవుటకు 33 లక్షల నానోసెకండులు పట్టును. ఇచ్చట జరిగిన సంగతి అచ్చటి సంగతికి కారణము కావలెనన్న ఆ రెంటి నడుమ కనీసము అంత వ్యవధియైన నుండవలెను, ఏ వార్తయు వెలుతురుకన్న వడిగా పోలేదు గనుక. అంత వ్యవధి కలిగిన సంగతుల వరుసను, ఎంత వేగముగా పోవు పరిశీలకుడైనను తలక్రిందుగా చూడడు. ఎన్ని నిమిషముల యెడమో చెప్పుటలో భేదపడవచ్చును గాని, ముందుది ముందే. విత్తనము ముందు, మొలక తరువాత. తీర్పు ముందు, శిక్ష తరువాత. అంతకన్న దగ్గరగా జరిగి, ఒకదాని వార్త ఒకదానికి అందుటకు వీలులేని సంగతుల విషయముననే పరిశీలకులు భేదపడుదురు. షాద్‌నగరు దీపము, కన్యాకుమారి దీపము అట్టివి: ఒకటి వెలుగుటను మరియొకటి ఎరుగదు.